రాయి పట్టని ముద్దాయి

ఇజ్రాయెల్ సైన్యం పడుతున్న కష్టం లోకానికి అర్థం కావడం లేదు. తుపాకీ పట్టుకుని ఎదురొచ్చినవాణ్ణి ఏం చేయాలో ఆ సైన్యానికి తెలుసు. రాయి పట్టుకుని వచ్చినవాణ్ణి ఏం చేయాలో ఇంకా బాగా తెలుసు. అందుకు శిక్షణ ఉంది, జీపులున్నాయి, బాష్పవాయువు ఉంది, రబ్బరు తొడుగు తూటాలున్నాయి, అన్నీ అయ్యాక పత్రికలకు చెప్పుకోవడానికి ఒక కథ కూడా ఉంది. కానీ ఏమీ పట్టుకోకుండా వచ్చి ఎదురుగా నిలబడి, "ఈ వీధిలో నేనెందుకు నడవకూడదో ఆ కాగితమేదో చూపించండి" అని మర్యాదగా అడిగేవాణ్ణి ఏం చేయాలి? కొడదామంటే పక్కన ఎవడో వీడియో తీస్తుంటాడు. వదిలేద్దామంటే రేపు మళ్లీ వస్తాడు. ఒక్కడే రాడు, ఇంకో నలుగుర్ని వెంటేసుకుని వస్తాడు.

వెస్ట్‌బ్యాంక్‌లోని హెబ్రాన్‌లో అలాంటివాడొకడు తగిలాడు. ఈసా అమ్రో. 1980లో ఆ ఊళ్లోనే పుట్టాడు, ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివాడు. బుద్ధిగా ఏ గల్ఫ్‌కో వెళ్లి వైరింగ్ పనులు చూసుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. 2003లో సైన్యం ఆయన చదువుకునే పాలిటెక్నిక్ యూనివర్సిటీకి తాళం వేసింది. కుర్రాళ్లన్నాక నాలుగు రాళ్లు విసరకపోతారా, మన పని తేలికవకపోతుందా అనుకుని ఉంటారు. ఈయన రాళ్ల జోలికి పోలేదు. గాంధీ గురించీ మార్టిన్ లూథర్ కింగ్ గురించీ చదివి, తోటి విద్యార్థుల్ని పోగేసి, మా క్లాసులు మాకిమ్మని నెలల తరబడి పట్టుబట్టాడు. చివరికి తాళం తీయక తప్పలేదు. సైన్యం చేసిన అసలు పొరపాటు అదే. అహింస పనిచేస్తుందని ఒక ఇంజనీరుకి ప్రయోగపూర్వకంగా నిరూపించి పెట్టింది. ఇక ఆ మనిషి ఊరుకుంటాడా?

ఆయన ఊరి సంగతి కొంచెం చెప్పుకోవాలి. 1994 ఫిబ్రవరి 25న, రంజాన్ నెలలో, బారూక్ గోల్డ్‌స్టీన్ అనే సెటిలర్ (ఆక్రమిత నేలమీద కాపురం పెట్టిన ఇజ్రాయెలీ) హెబ్రాన్‌లోని ఇబ్రహీమీ మసీదులో నమాజు చేసుకుంటున్నవాళ్ల మీద వెనకనుంచి కాల్పులు జరిపి 29 మందిని చంపాడు. చంపినవాడు యూదు సెటిలర్. చచ్చిపోయినవాళ్లు పాలస్తీనీయులు. కనుక శాంతిభద్రతల దృష్ట్యా ఊరి నడిబొడ్డున ఉన్న షుహదా వీధిని ఎవరికి మూసెయ్యాలి? పాలస్తీనీయులకే మూసేశారు. ముందు వాళ్ల బండ్లకు, 2000 తర్వాత కాలినడకకు కూడా. హత్యకు గురైనవాళ్ల బంధువుల్ని గృహనిర్బంధంలో పెట్టి శాంతిని కాపాడే ఈ పద్ధతి మన పోలీసులకు ఇంకా తట్టలేదు. తట్టదని పూచీ ఏమీ లేదు.

అయిదువందలకు పైగా దుకాణాలు సైనిక ఆదేశాలతో మూతపడ్డాయి. గిరాకీ లేక మూసుకుపోయినవి అంతకు రెట్టింపు. ఆ వీధిలో ఇళ్లున్న కొందరి వాకిళ్లకు ఇనుప రేకులు పెట్టి వెల్డింగ్ చేసేశారు. సొంత ఇంటి గుమ్మంలోంచి బయటికి రాకూడదు కాబట్టి వాళ్లు నిచ్చెన వేసుకుని, మిద్దె ఎక్కి, పక్కింటివాళ్ల మిద్దె మీదుగా వెనక సందులోకి దిగి కూరగాయలు తెచ్చుకోవాలి. ముసలమ్మలైనా సరే, నిండు గర్భిణులైనా సరే. పాత బజారు మీద ఇనుప వలలు కట్టి ఉంటాయి. అవి ఎండ కోసం కాదు. పై అంతస్తుల్లో చేరిన సెటిలర్లు కిందికి విసిరే చెత్త జనం నెత్తిన పడకుండా దుకాణదారులు కట్టుకున్నవి. తలెత్తి చూస్తే సీసాలు, ఇటుక ముక్కలు, పసిపిల్లల డైపర్లు వేలాడుతుంటాయి. ఘనపదార్థాలను వల ఆపుతుంది. పైనుంచి పోసేవాటిని ఏ వలా ఆపలేదు.

ఊళ్లో ఆ భాగాన ముప్ఫై వేలకు పైగా పాలస్తీనీయులుంటే సెటిలర్లు ఏడెనిమిది వందలు. వాళ్లకు కాపలాగా సైన్యం. ఒకే వీధిలో ఒకే నేరం ఇద్దరు చేస్తే, సెటిలర్ అయినవాడు ఇజ్రాయెల్ పౌరచట్టం కింద లాయరు, బెయిలు, సివిల్ కోర్టు అనే దారిన వెళ్తాడు. పాలస్తీనీయుడైతే సైనిక చట్టం, సైనిక ప్రాసిక్యూటరు, సైనిక దుస్తుల్లో జడ్జి. ఏ చట్టం వర్తిస్తుందో తేల్చడానికి నేరాన్ని చూడనక్కర్లేదు, ముద్దాయి పుట్టుక చూస్తే చాలు. మనువు పేరెత్తితే ఉలిక్కిపడే మనకు దీన్ని పెద్దగా వివరించనక్కర్లేదు.

ఇప్పుడు ఆ సైనిక చట్టంలోకి వద్దాం. చాలా రసవత్తరంగా ఉంటుంది. వెస్ట్‌బ్యాంక్‌ను ఇజ్రాయెల్ ఆక్రమించిన మూడు నెలలు తిరక్కముందే, 1967 ఆగస్టులో, సైనికాధికారి 101వ నంబరు ఆదేశం జారీ చేశాడు. పదిమంది, అంతకు మించి, ఒకచోట చేరి రాజకీయ విషయమో, రాజకీయం అనిపించే విషయమో మాట్లాడుకోవాలంటే సైనిక కమాండరు దగ్గర పర్మిషన్ తీసుకోవాలి. తీసుకోకపోతే పదేళ్ల దాకా జైలు. జెండా ఎగరేసినా, రాజకీయ అర్థం ఉన్న కాగితం అచ్చువేసినా అదే వరస. ఇప్పటికీ అమల్లో ఉంది. తెల్లవాడు మన నెత్తిన 144వ సెక్షన్ పెట్టినప్పుడు అయిదుగురికే అభ్యంతరం చెప్పాడు, మనం స్వతంత్రులమై కొత్త చట్టం రాసుకుని దాని నంబరు 163గా మార్చుకున్నాం. వీళ్లు తొమ్మిదిమంది దాకా సహిస్తున్నారంటే ఉదారులనే ఒప్పుకోవాలి.

కాకపోతే ఆచరణలో ఈ పదోవాడితో చచ్చే చావు. హెబ్రాన్‌లో ఒక ఇంట్లో తొమ్మిదిమంది కూర్చుని వీధి ఎప్పుడు తెరుస్తారో అనుకుంటుంటే నేరం లేదు. టీ పట్టుకుని ఇల్లాలు వచ్చిందా, పదిమందయ్యారు. ఆవిడ మాట్లాడకుండా కప్పులు పెట్టి వెళ్లిపోతే నేరమో కాదో న్యాయకోవిదులు తేల్చాలి. ఆవిడ "మా పుట్టింటికి ఆ వీధిలోంచే కదా దారి" అని నిట్టూర్చిందంటే మాత్రం తేల్చడానికేమీ లేదు, సభ జరిగిపోయినట్టే. ఇక పర్మిషన్ సంగతా? వీధి మూసిన కమాండరు దగ్గరికి వెళ్లి, "అయ్యా, తమరు వీధి మూసినందుకు తమరికి వ్యతిరేకంగా నినాదాలు చేసుకుంటాం, దయచేసి అనుమతించగలరు" అని అర్జీ పెట్టుకోవాలి. 2013 మార్చిలో ఒబామా ఆ ప్రాంతానికి వచ్చినప్పుడు హెబ్రాన్ కుర్రాళ్లు ఒబామా ముఖం, మార్టిన్ లూథర్ కింగ్ ముఖం మాస్కులుగా పెట్టుకుని షుహదా వీధిలోకి నడిచారు. సైనికులు వచ్చి పట్టుకుపోయారు. అమెరికా ప్రెసిడెంటు ఆ రోజు రెండు చోట్ల ఉన్నాడన్నమాట, ఒక చోట ఎర్ర తివాచీ మీద, ఇంకో చోట నేలమీద బోర్లా.

2016లో ఈసా అమ్రో మీద 18 అభియోగాలు మోపారు. పర్మిషన్ లేని ఊరేగింపు, నిషిద్ధ సైనిక ప్రాంతంలోకి ప్రవేశం, సైనికుల విధులకు ఆటంకం, సైనికుణ్ణి అవమానించడం... కొన్ని 2010 నాటివి. పాతవైతేనేం, ఊరగాయ వేసి దాచుకున్నారు. 2010 అంటే గుర్తొచ్చింది, ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం పాలస్తీనాలో ఆ ఏటి మానవహక్కుల పరిరక్షకుడిగా ఈయన్నే ఎంచింది. ఐరాస ఒక చేత్తో యోగ్యతాపత్రం రాస్తుండగా సైన్యం ఇంకో చేత్తో చార్జిషీటు రాసుకుంది. రెండింట్లోనూ రాసిన పనులు ఇంచుమించు ఒకటే.

విచారణ ఓఫర్ సైనిక కోర్టులో. ఈ కోర్టుల పనితనం గురించి చెప్పకపోతే అన్యాయం చేసినవాళ్లమవుతాం. 2010లో ఆ సైనిక కోర్టుల సొంత నివేదిక ప్రకారమే శిక్షలు పడ్డ కేసులు 99.74 శాతం. ఈ అంకె చూస్తే మన కార్పొరేట్ కాలేజీలు కుళ్లుకుని చస్తాయి. ఎంసెట్ ఫలితాలప్పుడు టీవీలో ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అని గొంతు చించుకునే ఆ పెద్దమనిషిని ఓఫర్‌కి పంపితే అద్దిరిపోయే ప్రకటన తయారుచేసి పెడతాడు. నాకు దిగులంతా మిగిలిన ఆ పావు శాతం గురించి. ఎవరో గుమాస్తా ఫైళ్లు తారుమారు చేసి ఉంటాడు. పాపం అతని ఉద్యోగం ఏమైందో.

అయిదేళ్లు నడిచింది కేసు. 2021 జనవరిలో 18లో ఆరు నిలిచాయి. మూడు పర్మిషన్ లేని ఊరేగింపులు, రెండు ఆటంకాలు, ఒకటి దాడి. దాడి అంటే ఏ బాంబో అనుకునేరు, 2010లో ఒకణ్ణి తోశాడని. మార్చిలో శిక్ష చెప్పారు. మూడు నెలల జైలు, అదీ అప్పుడే కాదు, రెండేళ్లలోపు మళ్లీ ఇలాంటి పని చేస్తే. ప్లస్ 3,500 షెకెళ్ల జరిమానా. చూడండి ఎంత దయో. జైల్లో పెట్టలేదు. "నువ్వు ఇంటికి వెళ్లు నాయనా, ఈ రెండేళ్లూ నోరు మూసుకుంటే చాలు" అన్నారు. మెడ మీద కత్తి పెట్టలేదు, నెత్తి మీద దారంతో వేలాడదీశారంతే.

ఈ దయ అందరికీ దొరకదు. బిల్ఇన్ అనే ఊళ్లో అబ్దుల్లా అబూ రహ్మా అనే బడిపంతులున్నాడు. ఊరి పొలాలను చీల్చుకుంటూ ఇజ్రాయెల్ గోడ, కంచె కడుతుంటే 2005 నుంచి ప్రతి శుక్రవారం ఊరేగింపులు తీయించినవాళ్లలో ఆయనొకడు. ఈ ఊరివాళ్ల బుర్ర చాలా చురుకైంది. ఒకసారి 'అవతార్' సినిమాలో మనుషుల్లా ఒళ్లంతా నీలం రంగు పూసుకుని, తోకలు పెట్టుకుని కంచె దగ్గరికి వెళ్లారు. బాష్పవాయువు నీలం రంగు మనుషులమీద కూడా పనిచేస్తుందని ఆ రోజు తేలింది. 2009 ఆగస్టులో జిమ్మీ కార్టర్, డెస్మండ్ టూటూ, మన అహ్మదాబాద్ ఇలా భట్ తదితర పెద్దలు ఆ ఊరు వెళ్లి చూసి మెచ్చుకుని వచ్చారు. అదే ఏడు డిసెంబర్ 10 రాత్రి సైన్యం మాస్టారి ఇంటికి వచ్చి పట్టుకుపోయింది. డిసెంబర్ 10 మానవహక్కుల దినోత్సవం. ముహూర్తం పెట్టినవాడికి రసజ్ఞత ఉంది.

మాస్టారి మీద మోపిన వాటిలో ఒకటి ఆయుధాలు కలిగి ఉండటం. నిజమే, ఇంట్లో ఉన్నాయి. సైన్యం వాళ్ల ఊరిమీద పేల్చి పడేసిన బాష్పవాయు గొట్టాలు, ఖాళీ తూటా గుళ్లు ఏరుకొచ్చి, వాటితో శాంతి చిహ్నం ఆకారంలో ప్రదర్శన పెట్టాడు. అంటే, నీ మీద విసిరిన చెప్పు నువ్వు దాచుకుంటే చెప్పుల దొంగతనం కింద కేసు. ఇది ఎంతగా వికటించిందంటే, ఆ 99.74 శాతం కోర్టు కూడా ఆయుధాల అభియోగం కొట్టేసింది, రాళ్లు వేశాడన్నదీ కొట్టేసింది. మిగిలినవేమిటి? రెచ్చగొట్టడం, పర్మిషన్ లేని ఊరేగింపులు. పన్నెండు నెలలు వేశారు. ఇదేం శిక్షండీ అని ప్రాసిక్యూషన్ అప్పీలుకు వెళితే పదహారు చేశారు.

ఆ ఊరేగింపులు ఎందుకో మర్చిపోకండి. గోడ తప్పుచోట కడుతున్నారని. 2007లోనే ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు కూడా, ఆ దారిన గోడ కట్టడానికి భద్రతా కారణం కనపడటం లేదు, మార్చండి అని చెప్పింది. సైన్యం తీరిగ్గా నాలుగేళ్ల తర్వాత, 2011లో మార్చింది. అదే ఏడు మార్చిలో మాస్టారు జైలునుంచి వచ్చాడు. గోడ తప్పని చెప్పిన జడ్జీలు బెంచీమీద ఉన్నారు, గోడ తప్పని చెప్పిన మాస్టారు జైల్లో ఉన్నాడు, తప్పు గోడ కట్టినవాడు ఎక్కడున్నాడో ఎవరూ అడగలేదు.

పదహారు నెలలు ఎక్కువా తక్కువా అని తూచుకోవడానికి పక్కన ఇంకో తూకపురాయి పెట్టుకుందాం. 2016 మార్చిలో, హెబ్రాన్‌లోనే, ఈసా అమ్రో ఉండే తెల్ రుమైదా పేటలో, కత్తితో దాడి చేసి కాల్పుల్లో గాయపడి నేలమీద కదల్లేక పడి ఉన్న పాలస్తీనీయుణ్ణి ఎలోర్ అజారియా అనే సైనికుడు తాపీగా తలలో కాల్చి చంపాడు. పొరుగున ఒకాయన వీడియో తీశాడు కాబట్టి బయటపడింది. పద్దెనిమిది నెలల శిక్ష, సైన్యాధిపతి దయతో పద్నాలుగు, నిజంగా లోపల గడిపింది తొమ్మిది. పర్మిషన్ లేకుండా ఊరేగింపు తీస్తే పదహారు, పడి ఉన్నవాణ్ణి చంపితే తొమ్మిది. పాలస్తీనా పిల్లలకు ఏ దారి సుఖమో లెక్క కట్టి చూపిస్తున్నది ఎవరు? ఈసా అమ్రో కాదు.

ఆయన లెక్క కూడా చూడండి. 2023 ఫిబ్రవరిలో హెబ్రాన్ చూడ్డానికి వచ్చిన అమెరికన్ రచయిత లారెన్స్ రైట్‌తో ఈయన మాట్లాడుతుండగా ఒక సైనికుడు వచ్చి గొంతు పట్టుకుని నేలకేసి పడేసి తన్నాడు. రైట్ ఫోన్‌లో రికార్డయింది. ఆ సైనికుడికి పది రోజుల సైనిక జైలు. పోలీసు శాఖ చూసే మంత్రి ఇతమార్ బెన్ గ్విర్ వెంటనే సైనికుడి పక్షాన నిలిచాడు. కొట్టించుకున్నవాడి మీద ప్రేమ చూపితే ఎన్నికల్లో ఏం మిగుల్తుంది? ఆ ఏడే అక్టోబర్ 7న, హమాస్ దాడి జరిగిన రోజున, ఆ దాడితో ఏ సంబంధమూ లేని ఈయన్ని ఇంటి దగ్గర పట్టుకుని, చేతులు కట్టేసి, కళ్లకు గంతలు కట్టి, పది గంటలపాటు కొట్టారని ఆయన చెప్పుకున్నాడు. దేశమంతా సాయుధుల కోసం వెతుకుతున్న రోజున కూడా నిరాయుధుణ్ణి మర్చిపోలేదు, శ్రద్ధంటే అదీ.

పాలస్తీనీయుల పాలకులు తక్కువ తిన్నారనుకోకండి. రమల్లాలో ఉన్న పాలస్తీనా అథారిటీకీ ఇజ్రాయెల్‌కీ వంద విషయాల్లో పడదు గానీ, ఈసా అమ్రో విషయంలో అపురూపమైన ఏకాభిప్రాయం కుదిరింది. 2017 సెప్టెంబర్‌లో ఒక జర్నలిస్టు అరెస్టును తప్పుపట్టి ఈయన ఫేస్‌బుక్‌లో రాస్తే, అథారిటీ అప్పుడే వేడివేడిగా తెచ్చుకున్న సైబర్ నేరాల చట్టం కింద పట్టుకుని వారం లోపల పెట్టింది. అటు ఓఫర్‌లో కేసు, ఇటు హెబ్రాన్‌లో కేసు. శాంతి చర్చల్లో దౌత్యవేత్తలు దశాబ్దాలుగా వెతుకుతున్న ఉమ్మడి భూమిక ఇదే. ఒక్క మనిషిని మధ్యలో నిలబెడితే ఇద్దరూ రెండు చేతులూ పట్టుకున్నారు.

ఇదంతా ఈమధ్య వచ్చిన తెగులు కాదు. 1980ల్లో జెరూసలేంలో ముబారక్ అవద్ అనే ఆయన అహింస అధ్యయన కేంద్రం పెట్టి, ఆలివ్ మొక్కలు నాటండి, పన్నులు కట్టకండి అని చెబుతుంటే 1988 జూన్‌లో విమానం ఎక్కించి దేశం నుంచి పంపించేశారు. పుట్టిన ఊళ్లో ఉండే హక్కు పోయిందన్నారు. అదే రోజుల్లో బెత్లెహేం పక్కన బెయిత్ సహూర్ అనే ఊరి జనం, మా మీద పెత్తనం చేసే సైన్యానికి మేం పన్నెందుకు కట్టాలని మానేశారు. పాలు కూడా ఇజ్రాయెల్ కంపెనీల దగ్గర కొనమని, ఒక కిబ్బుట్జ్ (ఇజ్రాయెలీల ఉమ్మడి వ్యవసాయ క్షేత్రం) నుంచి 18 ఆవుల్ని కొనుక్కొచ్చుకున్నారు. దేశభద్రతకు ఈ ఆవులు ముప్పని సైన్యం తేల్చింది. ఒక్కో ఆవుకీ ఫోటో తీశారు. ఇరవైనాలుగు గంటల్లో తీసెయ్యమన్నారు. ఊరివాళ్లు ఆవుల్ని దాచేశారు. అణ్వాయుధాలున్నాయని లోకం నమ్మే ఒక సైన్యం, కర్ఫ్యూలు పెట్టి, ఇళ్లు సోదా చేసి, పాడి పశువుల కోసం వెతికింది. దీనిమీద 2014లో 'ద వాంటెడ్ 18' అని సినిమా వచ్చింది, ఆవులే మాట్లాడతాయి అందులో. గోవును పూజించే మన దేశభక్తులు చూడదగ్గ చిత్రం. చూశాక ఎవరి పక్షం వహించాలో తేల్చుకోలేక కొంత అస్వస్థతకు గురికావచ్చు.

1989లో ఆ ఊరిని 42 రోజులు దిగ్బంధం చేసి, పన్ను బాకీ కింద ఫ్రిజ్‌లూ కుర్చీలూ దుకాణాల సరుకూ బండ్లకెత్తి పట్టుకుపోయారు. గుంటూరు జిల్లావాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. 1922లో పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి వెంట రైతులు పన్ను ఎగ్గొట్టినప్పుడు తెల్లదొర చేసిందీ ఇదే. జప్తులు, సైనిక కవాతు. మన తాతల్ని పుస్తకాల్లో వీరులని చదువుకున్నాం. బెయిత్ సహూర్ తాతలది మాత్రం శాంతిభద్రతల సమస్య.

ఇజ్రాయెల్ రక్షణశాఖలో పెద్ద అధికారి ఆమోస్ గిలాద్ 2010లో అమెరికా దౌత్యవేత్తల దగ్గర మనసు విప్పాడు. గాంధీ వ్యవహారం మాకు అంతగా చేతకాదు అన్నాడు. వికీలీక్స్ పుణ్యమాని ఆ రహస్య తంతి బయటపడింది. నేనైతే ఈ అధికారిని గౌరవిస్తాను. మొత్తం వ్యవహారంలో నిజం చెప్పినవాడు ఆయనొక్కడే. మిగతా అందరూ గాంధీ చేతనైనట్టే నటిస్తున్నారు. 2018 జనవరిలో నెతన్యాహు దంపతులు సబర్మతి ఆశ్రమానికి వచ్చి, మన ప్రధాని పక్కన ఉండగా చరఖా తిప్పారు, గాలిపటాలు ఎగరేశారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఓఫర్‌లో ఈసా అమ్రో విచారణ నడుస్తోంది. నూలు ఎంత వచ్చిందో తెలీదు, ఉచ్చు పేనడానికి ఆ మాత్రం సరిపోతుంది.

మన హైదరాబాద్‌కి కూడా ఇందులో ఒక చెయ్యి ఉంది. 2018 డిసెంబర్‌లో అదానీ, ఇజ్రాయెల్ కంపెనీ ఎల్బిట్ కలిసి మన శివార్లలో హెర్మెస్ 900 డ్రోన్ల ఫ్యాక్టరీ తెరిచారు. ఇజ్రాయెల్ బయట ఆ డ్రోన్ తయారయ్యే మొదటి చోటు మనదేనని గొప్పగా చెప్పుకున్నాం. ఉద్యోగాలొచ్చాయి, మంచిదే. పశ్చిమాసియా మన గడపకు చాలా దూరం, అక్కడి గొడవలు మనకెందుకు అనేవాళ్లు ఆ రోజు రిబ్బన్ దగ్గర కనపడలేదు.

ఇంత దూరం చదివి, 'అయ్యా, ఇప్పుడు మమ్మల్నేం చేయమంటారు' అని కొందరికి విసుగొచ్చి ఉంటుంది. చెప్తాను. ఈసా అమ్రో ఇప్పటికీ బయట ఎలా ఉన్నాడో ఒకసారి ఆలోచించండి. సైన్యానికి మనసు కరిగి కాదు. 2017లో బెర్నీ శాండర్స్, మరో ముగ్గురు సెనేటర్లు ఉత్తరం రాశారు. అమెరికా ప్రతినిధుల సభలో 32 మంది ఇంకోటి రాశారు. ఆమ్నెస్టీ వెంటపడింది. విదేశీ దౌత్యవేత్తలు ఓఫర్ కోర్టులో బెంచీల మీద వచ్చి కూర్చున్నారు. 18 అభియోగాలు ఆరై, ఆరు కాస్తా వాయిదా శిక్ష అయిందంటే ఆ బెంచీల మీద ఉన్నవాళ్లను చూసే. ఒక మనిషిని అరెస్టు చేయడానికి పెట్రోలు ఖర్చు ఎంతో మొహమాటం ఖర్చూ అంతే. మొహమాటం ధర పెంచుకుంటూ పోవడం తప్ప బయటివాడు చేయగలిగింది లేదు. 2024లో స్వీడన్ నుంచి రైట్ లైవ్లీహుడ్ అవార్డు ఆయనకూ ఆయన సంస్థకూ వచ్చింది. దానివల్ల ఒరిగింది, ఇంకో నాలుగు దేశాల విదేశాంగ గుమాస్తాలకు ఆయన పేరు స్పెల్లింగ్ తెలియడం. అది తక్కువేం కాదు.

'తీవ్ర ఆందోళన వ్యక్తం చేస్తున్నాం' అనే యూరోపియన్ యూనియన్ ప్రకటనల మీద మాత్రం నాకు పెద్ద నమ్మకం లేదు. అబూ రహ్మా మాస్టారికి శిక్ష పడ్డప్పుడూ ఆందోళన వ్యక్తం చేశారు. అది చదివాకే పన్నెండు పదహారైంది.

ఇంకో సంగతి. అన్నిసార్లూ మొహమాటం పనిచెయ్యదు. హెబ్రాన్‌కి దక్షిణాన కొండల్లో ఉమ్ అల్ ఖైర్ అనే చిన్న ఊరు. అక్కడ ఔదా హథలీన్ ఇంగ్లిషు చెప్పే మాస్టారు. ఆస్కార్ గెలిచిన 'నో అదర్ ల్యాండ్' సినిమా తీసినవాళ్లకు సాయం చేశాడు. 2025 జులై 28న తన ఊళ్లోనే తుపాకీ గుండు తగిలి చచ్చిపోయాడు. కాల్చాడని అనుమానమున్న సెటిలర్ కొద్ది రోజుల్లో స్వేచ్ఛగా తిరిగాడు. శవాన్ని మాత్రం వారానికి పైగా ఇవ్వలేదు. అంత్యక్రియలకు ఎంతమంది రావాలి అని షరతులు పెట్టారు. ఆ ఊరి ఆడవాళ్లు అన్నం మానేసి కూర్చుంటే అప్పుడిచ్చారు. ఇక్కడ వ్యంగ్యం నాకు చేతకాదు.

అదే 2025లో బీబీసీ కోసం లూయీ థెరూ తీసిన డాక్యుమెంటరీలో ఈసా అమ్రో తన ఊరు తిప్పి చూపించాడు. ప్రసారమైన కొన్నాళ్లకే సెటిలర్లు ఆయన ఇంటి ఆవరణలోకి చొరబడ్డారు. ఆ వెనకే సైనికులు, పోలీసులు వచ్చారు. అమ్మయ్య, రక్షించడానికి వచ్చారనుకుంటున్నారా? అరెస్టు చేస్తామని ఆయన్నే బెదిరించారని ఆయన చెప్పాడు. ఇంట్లో దొంగలు పడ్డారని ఫోన్ చేస్తే ఇంటాయన్ను అడ్రస్ ప్రూఫ్ అడిగినట్టు.

అందుకని మావాళ్ల మధ్య ఒక ఉత్తరం తిప్పుతున్నాను. ఈసా అమ్రోని అరెస్టు చేయొద్దని మన విదేశాంగ శాఖ ఒక మాట అడగాలని. పాలస్తీనాను దేశంగా 1988లోనే గుర్తించాం కదా, ఆ మాత్రం అడగొచ్చు. మొదట మా వీధి చివర బాబాయిగారి దగ్గరికి వెళ్లాను. రిటైర్డ్ హెడ్‌మాస్టరు, ఖద్దరు మనిషి. అక్టోబర్ 2న విగ్రహానికి నూలు దండ వేసేది ఆయనే.

"అన్నీ బాగానే ఉన్నాయిరా," అన్నారు కాగితం దూరంగా పట్టుకుని చదివి, "కానీ వాళ్లలో ఒక గాంధీ పుట్టకపోవడమే వాళ్ల దురదృష్టం. పుట్టుంటే ఈపాటికి..."

"ఈ ఉత్తరం ఆయన గురించే బాబాయ్."

"ఎవరీయన? ఎప్పుడూ వినలేదే. టీవీలో చూపించరే?"

"రాయి వేస్తే చూపిస్తారు."

కాసేపు ఆలోచించారు. పెన్ను తీసుకున్నారు, మూత తీశారు, మళ్లీ పెట్టారు. "మా వాడు డల్లాస్‌లో ఉన్నాడు కదరా. వాడి కూతురికి ఇప్పుడు ఎఫ్-1 అయింది, మనవడికి అప్లై చేస్తున్నారు. సోషల్ మీడియా అంతా తెరిచి చూపించమంటున్నారట కాన్సులేట్‌లో. మొన్న పాలస్తీనా మీద ఏదో పోస్టుకి లైకు కొట్టిందని దాన్ని నాలుగు తిట్లు తిట్టి తీయించాడు వాడు. కాలం అలా ఉంది. నా సంతకం వీళ్లకి ఎక్కడైనా తగుల్తుందంటావా?"

"ఇది మన ఢిల్లీకి రాసే ఉత్తరం బాబాయ్. కాగితం."

"కాగితాలు స్కాన్ చేస్తారురా ఇప్పుడు."

అదీ నిజమే. కాగితం తీసుకుని లేవబోయాను. కూర్చోమన్నారు. ఆయనకు నిజంగానే మనసొప్పడం లేదు, మంచి మనిషి. లోపలికి చూసి గొంతు తగ్గించి అడిగారు.

"పోనీ, సంతకం వేరే పేరుతో పెట్టొచ్చా?"

"పెట్టండి. ఏం పేరు రాస్తారు?"

పెన్ను మూత తీసి, కళ్లజోడు సర్దుకుని, హెడ్‌మాస్టరు దస్తూరీతో గుండ్రంగా రాసి ఇచ్చారు. ఎం. కె. గాంధీ.